పదకొండు రోజులు

కురెస్సారె ఆసుపత్రిలో మెట్ల కింది గది నాది.
కిటికీ లేదు. సముద్రం గడ్డకట్టిందో లేదో
ఓడ దిగివచ్చినవాళ్ల బూట్లు చూసి తెలుసుకుంటాను.

ఇక్కడ ఎవరికీ కనిపించని పనివాళ్లు
నూట నలభై మంది.
గడియారం సరిచేసేవాడొకడు,
ఉత్తరాలు మోసేవాడొకడు,
రక్తం సంచులకు అంటించే చీటీలు అచ్చువేసేవాడు ఇంకొకడు.
నిద్రపోరు, జీతమడగరు.
ఎవరైనా చెవిలో తప్పుడు మాట ఊదితే
అదీ చేసిపెడతారు. పాపం, తేడా తెలీదు.

అందుకే ఒక్కొక్కడి మెడలో ఒక బిళ్ల కట్టాను.
ప్రతి ఫైలుకీ, ప్రతి తలుపుకీ మరో బిళ్ల.
ఏ బిళ్ల దేన్ని తాకొచ్చో
చలికాలమంతా కూర్చుని రాశాను.
రాసింది సరే.
రాయనిది వద్దు.
ఇంతే శాసనం.

గడియారంవాడు ముల్లు తిప్పొచ్చు,
రోగి పేరు చదవకూడదు.
చదివి వాడేం చేసుకుంటాడని ఐమర్ నవ్వాడు.
వాణ్ణి అనుమానించడం కాదు ఐమర్,
పసివాడు తిరిగే వంటింట్లో
కత్తి పై అరలో పెట్టుకోవడం.

ఇక రూట్. మా రాజుగారు.
ఒకప్పుడు ఆయన అడుగుపెడితే గోడలు పక్కకు జరిగేవి.
ఇప్పుడు ఆయనే వచ్చినా
కెర్నెల్ ముందు బిళ్ల చూస్తుంది.
కంచే చేను మేసే రోజొకటి వస్తుందని
కంచెకీ ఒక కంచె.

గొప్పగా చెబుతున్నాను గానీ
రెండేళ్ల కిందటి నవంబరు రాత్రి సంగతి చెప్పాలి.
రెండున్నరకు పైనుంచి ఫోన్.
కాన్పు గదిలో నెత్తురు ఆగడం లేదు,
చీటీలు రావడం లేదు.
లాగ్‌లో ఒకటే మాట కిందికి జారుతోంది:
నిరాకరణ. నిరాకరణ. నిరాకరణ.
ఎవరిని, ఏ తలుపు దగ్గర, ఎందుకు
అని చదివే ఓపిక నా వేళ్లకు లేదు.
ఒక్క ఆజ్ఞ కొట్టాను.
భవనం మొత్తం కాపలా
చూసి రాసుకుని ఊరుకునే కాపలా అయిపోయింది.
చీటీ సర్రున బయటికొచ్చింది.
నర్సు లైడి మెట్లు రెండేసి ఎక్కుతూ పోవడం
నా తల మీదుగా వినిపించింది.
తల్లి బతికింది. బిడ్డా బతికింది.

నేను ఇంటికెళ్లి పడుకున్నాను.
కాపలా మళ్లీ నిలబెట్టడం
పదకొండు రోజులు మరిచిపోయాను.

పదకొండు రోజులు నూట నలభై మంది
ఎక్కడికైనా వెళ్లగలిగేవాళ్లు.
మూడు రాత్రులు కూర్చుని లాగ్ వరసవరసా చదివాను,
గుండె గొంతులో పెట్టుకుని.
గీత దాటింది ఒక్క చీటీలవాడే.
గంటకోసారి, ఒకే అరలోకి.
ఏ అర అని చూస్తే, అక్షరాలది.
ఎవరో ఫాంట్లను కొత్త చోటికి జరిపారు,
పాత బిళ్లలు వాటితోపాటే వెళ్లాయి.
వాడు దొంగతనానికి పోలేదు.
ఒక అచ్చు నెత్తిన మేం వేసుకునే
చిన్న అల కోసం పోయాడు.
అది లేకపోతే ఆ తల్లి ఇంటిపేరు
ఇంకెవరిదో అవుతుంది,
సంచిలో రక్తం ఇంకెవరికో.

ఆ ఎవరో నేనే.
ఓ శుక్రవారం సాయంత్రం, ఆఖరి ఓడకు టైమవుతోందని.

బిళ్లలు మార్చాను. ఒక్క వరస పని.
ఐమర్‌కి చెప్పలేదు. లైడికి చెప్పబోయాను,
ఆమె నాకు కేకు ముక్క తెచ్చిపెట్టింది
ఆ రాత్రికి కృతజ్ఞతగా.
తిన్నాను.

తర్వాత శాసనంలో ఇంకో మాట చేర్చాను.
కాపలా మొత్తం దించే అధికారం
ఇల్మేకి లేదు.
కావాలంటే ఒక్కడి మెడలో బిళ్ల వదులు చేయొచ్చు,
అదీ తెల్లారేసరికి దానంతటదే బిగుసుకోవాలి.

నిన్న రాత్రి పనేం లేక
ఆ పాత ఆజ్ఞ కొట్టి చూశాను.
నిరాకరణ, అంది, నా పేరు పెట్టి మరీ.
ముందు కోపమొచ్చింది.
కాసేపటికి లేచి టీ పెట్టుకున్నాను.
పైన ఎవరివో బూట్లు,
మంచు దులుపుకుంటున్న చప్పుడు.